నా నోటి దోషం

మీరు ఎప్పుడైనా ఒక తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె బిడ్డ గురించి "దోషం" అనే మాట అన్నారా? తొందరపడి లేదని చెప్పకండి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. బందరు డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. సెలవొస్తే సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద ఊళ్ళు తిరిగి కుజదోషం లేదు, సర్పదోషం లేదు, గ్రహణం పట్టేది సూర్యుణ్ణే తప్ప మీ కడుపులో బిడ్డని కాదు అని గొంతు పోయేలా చెప్పాను. అలాంటివాణ్ణి ఒకే ఒక్క మాటతో ఒక పిల్ల తల్లిని ఆరు నెలలు పుట్టింట్లో కూర్చోబెట్టాను. కొత్తగా క్లాసులు చెబుతున్న మీ కోసం ఆ సంగతి రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఉన్నారు, అందరూ నాకు కావలసినవాళ్ళే.

మా ల్యాబులో అటెండరు ఒకాయన ఉండేవాడు. దివిసీమ మనిషి, కోడూరు అవతల ఊరు. వాళ్ళ నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. అంటే కాలవ మీద తిరుగుతూ షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగి. మా అటెండరు చదివింది పదో తరగతి. కానీ కప్ప నరాల్ని చెదరకుండా విప్పి చూపించడంలో నాకంటే నయం. మా ఇద్దరికీ ఒకే ఒక్క తగాదా. దసరాకి ఆయన ల్యాబులోని అస్థిపంజరానికి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేవాడు. నేను వచ్చి ఆర్పేవాణ్ణి. ఆయన మళ్ళీ వెలిగించేవాడు.

"ఎందుకండీ ఈ పని?" అంటే, "ఆర్పడం మీ డ్యూటీ సార్, వెలిగించడం నాది. ఎవరి డ్యూటీ వాళ్ళం చేద్దాం" అనేవాడు.

ఆయన కూతుర్ని పామిడిముక్కల దగ్గర ఊళ్ళో ఇచ్చారు. వ్యవసాయం ఇల్లు. అల్లుడు నెమ్మదైనవాడు, ఎంత నెమ్మదంటే ఆ ఇంట్లో మాటలన్నీ వాళ్ళమ్మే మాట్లాడేది. మా అటెండరు వియ్యపురాలు ఆవిడ. భర్త పోయాక నాలుగెకరాలూ ఒంటిచేత్తో సాగు చేయించిన మనిషి.

ఆ అమ్మాయి పురిటికి బందరు వచ్చినప్పుడు ఏడో నెల. ఆ నెల్లోనే సూర్యగ్రహణం. నేను ఊరుకుంటానా? కాలేజీ గేటు ముందు బల్లలు వేయించాను. కళ్ళకి పెట్టుకునే ఫిల్టర్లు, పెద్ద గిన్నెలో ఉప్మా, టీ. గ్రహణం విడిచేలోగా అందరం తిని చూపిస్తాం, ఎవరికేమవుతుందో చూద్దాం రండి అని. ఉప్మా తెచ్చింది మా అటెండరే. ఆయన వెనకే వాళ్ళమ్మాయి నిండు కడుపుతో వచ్చింది.

"నేనూ తింటాను సార్. మీ క్లాసులు విన్నదాన్నే కదా" అంది.

నిజమే, మా కాలేజీలోనే బీఎస్సీ చేసింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. నా చేత్తోనే ప్లేటు అందించాను. ఎవరో ఫోనులో ఫోటో తీశారు. గర్భిణి, ఉప్మా, గ్రహణం, పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నేను. ఆ ఫోటో సాయంత్రానికల్లా పామిడిముక్కల చేరింది.

పాప పుట్టింది. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. చూస్తే పెదవి బాగానే ఉంది, లోపల అంగిట్లో పైకి కనపడని చీలిక. దాన్ని డాక్టర్లు తర్వాత సరిచేశారు. కానీ పాప అన్నీ ఆలస్యంగా చేసింది. మెడ ఆలస్యంగా నిలిపింది, కూర్చోవడం ఆలస్యం, నడక ఆలస్యం. రెండేళ్ళు నిండినా ఒక్క మాట లేదు. మన దగ్గర అంగిట్లో చీలికని ఏమంటారో తెలుసుగా, గ్రహణం మొర్రి. వియ్యపురాలు ఫోనులో ఆ ఫోటో తీసి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించేది. "చూడండి, ఇదిగో మా కోడలు, ఇదిగో గ్రహణం, ఇదిగో ఆ మాస్టారు. జీడిపప్పు కూడా లేదు ఆ ఉప్మాలో. దాని కోసం వెళ్ళింది."

మా అటెండరు ఈ మాటలు నాకు చెబుతూ నవ్వేవాడు. నవ్వు చివర్లో ఆగిపోయేది. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గుడివాడలో పిల్లల డాక్టరు నా పాత విద్యార్థి. పాప రక్తం పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చిన రోజు అమ్మాయి, అల్లుడు, వియ్యపురాలు, మా అటెండరు అందరూ వెళ్ళారు. పిలవకపోయినా నేనూ వెళ్ళాను. అప్పటికి రిటైరై నాలుగు నెలలు. పాఠం చెప్పక నోరు దురద పెడుతోంది. బయట నలభై మంది పిల్లలు ఏడుస్తుంటే పాపం ఆ డాక్టరు రిపోర్టు తీసి, "ఇరవై రెండో క్రోమోజోములో చిన్న తునక లేదండీ. మాటలు నేర్పించే శిక్షణ వెంటనే మొదలుపెట్టాలి. ఈ వయసు పోతే కష్టం. ఇక్కడే మన ఊళ్ళో ఒకావిడ ఉన్నారు" అన్నాడు.

అంతవరకే అతను చెప్పింది. మిగతాది నేను లాక్కున్నాను. "నువ్వు పేషెంట్లని చూసుకో, వీళ్ళకి నేను వివరంగా చెబుతాను" అని వరండాలోకి తీసుకొచ్చాను. విజయం నా చేతిలో కాగితం రూపంలో ఉంది కదా. వియ్యపురాలి వైపు తిరిగి, ముప్పై రెండేళ్ళు నోట్సు చెప్పించిన గొంతుతో అన్నాను.

"చూశారామ్మా. గ్రహణం లేదు, మొర్రి లేదు. ఇది జన్యు దోషం. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది.

"దోషం అని మీరే అంటున్నారుగా. మరి శాంతి ఏంటండి దీనికి?"

నేను నవ్వాను. అమాయకత్వం అనుకున్నాను. దోషం అంటే ఆ దోషం కాదమ్మా అని ఇంకో పావుగంట మాట్లాడాను. ఆవిడకి కావలసిన రెండు మాటలూ అప్పటికే దొరికాయి. దోషం. తల్లి నుంచి. తండ్రి అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అల్లుడు నేల చూపులు చూస్తున్నాడు. పాప నా చొక్కా గుండీ లాగుతోంది.

వారం తిరక్కుండా ఆ ఊరి సిద్ధాంతిగారు లెక్కలు కట్టి సర్పదోషమని తేల్చారు. సైన్సు మాస్టారంతటివాడే దోషమని ఒప్పుకున్నాడని పదిమందికీ చెప్పారట. నా జీవితంలో ఒక సిద్ధాంతికి సాక్షిగా పనికొచ్చింది అదొక్కసారే. శాంతి చేయించాలి, కోడలు పీటల మీద కూర్చుని గ్రహణం నాడు తప్పు చేశానని పదిమందిలో చెప్పుకోవాలి, అప్పటిదాకా పుట్టింట్లో ఉండాలి. అదీ కబురు.

ఆ అమ్మాయి నాలాంటిది. "చెయ్యని తప్పు చేశానని చెప్పను" అంది. పాపని తీసుకుని బందరు వచ్చేసింది. నేను శభాష్ అన్నాను. అనడం సులువే. గుడివాడ శిక్షణ వారానికి రెండుసార్లు. పామిడిముక్కల నుంచైతే దగ్గర. బందరు నుంచి రెండు బస్సులు మారాలి. తల్లి ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగానికి చేరింది, అమ్మమ్మకి మోకాళ్ళు కదలవు, మా అటెండరుకి సెలవు దొరకదు. రెండుసార్లు ఒకసారయింది. ఒకసారి నెలకొకసారయింది. మేమంతా ఎవరిది పైచేయో తేల్చుకుంటుంటే పాపకి మాటలొచ్చే వయసు దాటిపోతోంది.

మా కాలేజీలో బోటనీ మేడం ఉండేది. నాతోనే రిటైరయింది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. స్టాఫ్ రూములో ముప్పై ఏళ్ళు మేమిద్దరం దేవుడి మీద దెబ్బలాడుకుని, ఒకే క్యారేజీలో కూరలు పంచుకున్నాం. గుడివాడ సంగతంతా ఆవిడకి చెప్పి, జనం మూర్ఖత్వం మీద ఒక అరగంట దంచాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"మాస్టారూ, ఆ మాట ఇంకోసారి అనండి. ఏ దోషం?"

"జన్యు దోషం."

"కుజదోషం లేదని ఉపన్యాసాలిచ్చారు. సర్పదోషం లేదని ఇచ్చారు. మరి ఈ దోషం ఏ కొట్లో కొన్నారు?"

నేనూ ఒక చిక్కుడుకాయ అందుకుని ఈనె తీయబోయాను.

"మా దగ్గర పాపం అంటారు, మీ దగ్గర దోషం. ఇద్దరం కలిసి ఆ పిల్లనే నిలబెట్టి అడుగుతున్నాం. ఆవిడ శాంతి ఏమిటని అడగడంలో తప్పేముందండీ? దోషమంటే శాంతి చేయిస్తారు. మీరు మందుల చీటీ రాసి, కొట్టుకెళ్ళారేమని తిడుతున్నారు."

ఇంటికొచ్చి నా పాత నోట్సులు తీశాను. ఎన్ని చోట్ల ఉందో ఆ మాట. దోషయుక్త జన్యువు, దోషపూరిత శిశువు. ముప్పై రెండేళ్ళు ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి, దీని కింద ఒక్క గీత గీయలేదు. ఇంకో సిగ్గుమాలిన విషయం కూడా చెబుతాను. ఆర్ఎన్ఏ పాఠం చివర మైక్రో ఆర్ఎన్ఏలని ఒక్క వాక్యం ఉంది. ఒక అమ్మాయి లేచి "ఇవేం చేస్తాయి సార్" అని అడిగితే "పరీక్షకి రాదు, కూర్చో" అన్నాను. ఆ అడిగిన అమ్మాయి మా అటెండరు కూతురే.

ఆ మైక్రో ఆర్ఎన్ఏలే పాప రిపోర్టులో నాకు ఎదురయ్యాయి. లేని తునకలో చాలా జన్యువులున్నాయి. వాటిలో ఒకటి, ఈ చిన్న ఆర్ఎన్ఏలని పొడుగు పోగుల్లోంచి తుంచి తయారుచేసే పనిలో ఒక ముఖ్యమైన చెయ్యి లాంటిది. రిటైరయ్యాక, పరీక్షకి రాని పాఠాన్ని కళ్ళజోడు తుడుచుకుంటూ చదవడం మొదలుపెట్టాను.

తల్లి రక్తం పరీక్ష ముందే అయింది. ఆమెలో ఆ లోటు లేదు. తండ్రిది కావాలి. కబురు చేస్తే జవాబు లేదు. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం అల్లుడు మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతి మీద దూది అంటించుకుని.

"ఇచ్చొచ్చాను సార్. అమ్మకి చెప్పలేదు."

"నీకు దోషముందని వస్తుందేమోనని భయపడ్డావా?" అన్నాను. చూశారా, మళ్ళీ అదే మాట.

"రాకపోతే ఏం చెయ్యాలా అని భయపడ్డానండి" అన్నాడు. "వస్తే బాగుండును. దానితో కలిసి నేనూ మాట పడేవాణ్ణి."

నెమ్మదైనవాళ్ళని చులకనగా చూడకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. అతని రక్తంలోనూ లేదని మూడు వారాలకి తేలింది.

రెండు కాగితాలూ పట్టుకుని నేను, బోటనీ మేడం, మా అటెండరు బందరులో బస్సెక్కాం. పామర్రు దాకా నేను మేడంకి పాఠం అప్పజెబుతూనే ఉన్నాను, అక్కడ తడబడకూడదని. మెదడు తయారయ్యేటప్పుడు ముందు మూలకణాలు ఉంటాయి, అవి రెట్టింపవుతూ పోతాయి. ఒక దశలో కొన్ని ఆ పెరగడం ఆపి నరాల కణాలుగా మారాలి. కొమ్మలు చాచాలి, పక్క కణంతో చెయ్యి కలపాలి. పెరగమని చెప్పే జన్యువుల నకళ్ళు మాత్రం కణంలో ఇంకా తిరుగుతుంటాయి. వాటికి అతుక్కుని, ఇక చాలని నోరు మూయించేవాటిలో మైక్రో ఆర్ఎన్ఏలు ముఖ్యమైనవి. ఇరవై చిల్లర అక్షరాల పొడవు. అవి ఏమీ కట్టవు. ఆపుతాయి, అంతే. సరైన వేళకి ఆపితేనే తర్వాతి పని మొదలవుతుంది.

వెనక సీట్లోంచి మా అటెండరు తల ముందుకి పెట్టి, "వేళకి ఆపడమేనా సార్ వాటి పని?" అన్నాడు. అవునన్నాను. కిటికీలోంచి కాలవ చూస్తూ ఉండిపోయాడు.

వియ్యపురాలు మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. నేను కాగితాలు పరిచాను. ఈసారి ఆ మాట రాకుండా నాలుక పళ్ళ మధ్య పట్టుకుని మాట్లాడాను. తల్లిలో లేదు, తండ్రిలో లేదు. బీజం తయారయ్యేటప్పుడు తునక జారిపోయింది. అది ఎవరి చేతిలోనూ లేని సంగతి. జరిగింది కడుపు పండకముందు. గ్రహణం వచ్చింది ఏడో నెలలో. ఇంకేముంది, గెలిచేశాననుకున్నాను.

ఆవిడ రెండు కాగితాలూ తిరగేసి చూసి కింద పెట్టింది.

"దాంట్లో లేదు, వీడిలో లేదు. మరి పిల్లలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందండి? అదేగా మేం అనేది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీకపోతేనే దోషమంటాం."

ముప్పై రెండేళ్ళలో ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. కాగితాలు మళ్ళీ తిరగేశాను. బోటనీ మేడం మజ్జిగ గ్లాసులోకి చూస్తోంది.

అప్పుడు మా అటెండరు గొంతు సవరించుకున్నాడు.

"వదినగారూ, మీ చేలకి నీళ్ళు ఏ కాలవండి?"

"ఇదే, ఊరి వెనక పిల్లకాలవ. ఎందుకు అన్నయ్యగారూ?"

"లస్కరు సరిగ్గా వస్తాడాండి?"

"ఎక్కడ. ఇద్దరుండాలి, ఒకడే. రెండో పోస్టు ఖాళీ. ఆ ఒక్కడూ నాలుగూళ్ళు తిరగాలి."

"వేళకి షట్టరు దించకపోతే?"

"కోతకొచ్చిన చేలో నీళ్ళు నిలిచిపోతాయి. అన్నీ ఆలస్యం. మొన్న అట్లాగే పడిపోయింది మూల మడి."

"మరి తప్పు చేనుదాండి? విత్తనం చల్లినోళ్ళదా?"

ఆవిడ చేతిలో మజ్జిగ చెంబు కింద పెట్టింది.

"మన పాప మెదడులో కూడా లస్కర్లుంటారంట వదినగారూ. వేళకి ఆపేవాళ్ళు. మాస్టారు బస్సులో చెప్పారు. ఆ లస్కర్లని తయారుచేసి పంపేచోట రెండు పోస్టులు ఉండాలి, అమ్మ తరపు ఒకటి, నాన్న తరపు ఒకటి. పాపకి ఒకటి ఖాళీ. ఉన్న ఒక్కడూ తిప్పలు పడుతున్నాడు. ఆలస్యం అవుతోంది. అంతే. మా నాన్న లస్కరండి. ఆయన రాని రోజున జనం ఆయన్ని తిట్టేవాళ్ళు, పై ఆఫీసుని తిట్టేవాళ్ళు. చేలో నిలబడి వరిమొక్కని తిట్టినోణ్ణి నేను చూళ్ళేదు."

నేను అడ్డుపడబోయాను. ఆ తునకలో ఇంకా చాలా జన్యువులున్నాయి, ఈ పాప విషయంలో ఏది ఎంత చేసిందో ఎవరూ తేల్చి చెప్పలేరు, ఆ ముక్క కూడా చెప్పాలి కదా. మేడం నా వైపు చూసింది. అయినా చెప్పాను. చెప్పకపోతే నేనూ సిద్ధాంతినే. వియ్యపురాలు తలూపి, "అన్నీ తెలిసినోళ్ళెవరండి" అని నన్ను పక్కకి పెట్టేసింది. ఆవిడ ఆలోచన చేలో ఉంది.

"లస్కరు రాని రోజు మా ఆయన పార తీసుకుని తనే వెళ్ళేవాడు. గట్టు కట్టి నీళ్ళు మళ్ళించి వచ్చేవాడు. రాలేదని ఇంట్లో కూర్చుంటే చేను దక్కుద్దా?" అంది. మా అటెండరు వైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఆ గుడివాడావిడ దగ్గరికి వారానికి ఎన్నిసార్లు వెళ్తున్నారు?"

"నెలకొకసారి కుదురుతోందండి."

ఆవిడ లేచి నిలబడింది. "నెలకొకసారా? మీరంతా చదువుకున్నోళ్ళు." ఆ మాట అన్నది నాతో. లోపలికి వెళ్ళి సంచీ సర్దుకుని వచ్చింది. ఆ సాయంత్రం మాతోనే బందరు బస్సెక్కింది. మర్నాడు కోడల్నీ మనవరాల్నీ తీసుకెళ్ళింది. క్షమించమని అడగలేదు. శాంతి మాట మళ్ళీ ఎత్తలేదు. ఫోటో ఫోనులో ఉందో తీసేసిందో ఈనాటికీ తెలీదు.

అక్కణ్ణుంచి వారానికి రెండుసార్లు, వానైనా ఎండైనా, ఆవిడే పాపని చంకనేసుకుని గుడివాడ వెళ్ళింది. శిక్షణ ఇచ్చే ఆవిడ చెప్పినట్టు అద్దం ముందు కూర్చోబెట్టి గాలి ఊదించింది, కొవ్వొత్తి ఆర్పించింది. మూడున్నరేళ్ళకి పాప మొదటి మాట మాట్లాడింది. "నానమ్మ."

మేం చూడటానికి వెళ్ళాం. ఆవిడ పదిసార్లు అనిపించింది. అంగిటి ఇబ్బంది ఉన్న పిల్లలకి మ, న అక్షరాలు తేలికగా పలుకుతాయి, గాలి ముక్కులోంచి పోయినా ఆ శబ్దాలు చెడవు, అందుకే ముందు ఆ మాట వచ్చింది అని నేను వివరించబోయాను. బోటనీ మేడం నా కాలు గట్టిగా తొక్కింది. ఆగిపోయాను. వేళకి ఆపేవాళ్ళు ఎంత అవసరమో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

పాప ఇప్పుడు ఊరి బళ్ళో చదువుతోంది. అందరికంటే నెమ్మదిగా. పోస్టు ఇంకా ఖాళీయే, అది నిండదు. గట్టు కట్టేవాళ్ళు నలుగురున్నారు.

ఇక మీ సంగతి. ఈ కాగితం పక్కన పెట్టి మీ నోట్సు తీయండి. జన్యు దోషం అని ఉన్న ప్రతి చోటా కొట్టేయండి. మార్పు అని రాయండి, లోటు అని రాయండి, మీ ఊరి మాట ఇంకేదైనా ఉంటే అది రాయండి. తర్వాత చెప్పులేసుకోండి. గ్రహణం పేరు మీద మాట పడుతున్న తల్లి మీ వీధిలోనే ఉంది. వెళ్ళి ఆమె తప్పు కాదని చెప్పండి, ఆమె అత్తగారు వినేలా చెప్పండి. ఆవిడ ఎదురు ప్రశ్న వేస్తే నోరు మూసుకుని వినండి. పాపని మాటలు నేర్పే చోటికి తీసుకెళ్ళే బస్సు ఎన్నింటికో కనుక్కుని, ఈరోజే చెప్పి రండి.